పద్నాలుగు పిలుపులు

మామగారు అల్లుణ్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. మొదట్లో మర్యాద కొద్దీ 'బాబూ' అనేవాడు. పెళ్లయిన రెండో ఏడు అల్లుడు చెడిపోయిన మిక్సీని విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించాక నాలుగు స్క్రూలు మిగిలాయి. మిక్సీ మాత్రం తిరిగింది. ఆ రోజు నుంచి 'ఇంజనీరు' అని ఖాయం చేశాడు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఇంట్లో ఎవరికీ తేలలేదు గానీ, పేరు అతుక్కుపోయింది. అల్లుడి కూతురు, పదేళ్ల గువ్వ కూడా, కోపం వచ్చినప్పుడు నాన్నా అనడం మానేసి 'ఇంజనీరుగారూ' అనేది.

మామగారు ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ స్తంభాలెక్కిన లైన్‌మన్. ఇంజనీరు సాఫ్ట్‌వేర్ మనిషి, ఇంట్లోంచే ఉద్యోగం. ఆ ఇద్దరికీ కుదిరిన స్నేహం ఏమిటంటే తీగలు. వెనక గదిలో ఒక పొడవాటి బల్ల ఉండేది. దాని మీద చిన్న చిన్న సర్క్యూట్ బోర్డులు, సోల్డరింగ్ కడ్డీ, ప్లాస్టిక్ కరిగించి బొమ్మలు పోతపోసే ప్రింటర్, పాత కాలపు డయల్ ఫోన్లు రెండు. ఇంజనీరు భార్య ఆ గదికి ముళ్లకంప అని పేరు పెట్టింది. లోపలికి వెళ్తే ఏదో ఒక తీగ కాలికో చేతికో తగులుకోకుండా బయటికి రాలేమని ఆమె ఫిర్యాదు.

"నీ మొగుడికి నేనొక్కణ్నే దొరికాను, అందుకే నన్ను ఇక్కడ పెట్టుకున్నాడు" అనేవాడు మామగారు కూతురితో.

"మీకూ ఆయనే దొరికాడుగా నాన్నా. ఇద్దరూ కలిసి నా ఇంటిని టెలిఫోన్ ఎక్స్ఛేంజి చేశారు."

పోయిన ఏడాది మామగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు సగం పడిపోయాయి. గొంతు కూడా అణగిపోయి, పక్క గదిలోకి వినపడేలా పిలిచే శక్తి పోయింది. భార్య బడిలో లెక్కల టీచరు, పొద్దున వెళ్తే సాయంత్రానికి గానీ రాదు. అందుకని పగటిపూట చూసుకోవడానికి ఒక సంస్థ ద్వారా ఒకావిడ వచ్చింది. ఆమె నర్సు కాదు, ఒకప్పుడు ఆసుపత్రిలో పక్కలు మార్చేది. అయినా అందరూ నర్సమ్మ అనే పిలిచారు, ఆమె కూడా కాదనలేదు.

గొంతు పోయిన మనిషికి గొంతు చేసిపెట్టాలని ఇంజనీరు సంకల్పం. నెల్లాళ్లు కూర్చుని ఒక మీట తయారుచేశాడు. దానికి గువ్వ తాబేలు ఆకారం గీసి ఇచ్చింది. ప్రింటర్‌లో మొదటి రెండు తాబేళ్లూ పగిలిపోయాయి, మూడోది నిలిచింది. తాబేలు వీపు మీద ఎర్ర మీట. అది నొక్కితే వంటింట్లో ఉన్న స్పీకరులోంచీ, ఇంజనీరు ఫోన్‌లోంచీ గువ్వ గొంతు వినిపించేది: "తాతయ్య పిలుస్తున్నాడు! ఎవరైనా రండి!" ఆ రెండు ముక్కలు రికార్డు చేయడానికి గువ్వ పదిహేడుసార్లు చెప్పి చూసుకుంది. తాబేలుకి దారం కట్టి తాతయ్య మెడలో తనే వేసింది.

తాబేలు బాగా పనిచేసింది. మరీ బాగా పనిచేసింది. మామగారు దాన్ని రోజుకి నలభైసార్లు నొక్కేవాడు. కళ్లజోడు కనపడక నొక్కేవాడు, కిటికీ తలుపు కొట్టుకుంటోందని నొక్కేవాడు. ఒకసారి ఇంజనీరు మీటింగు మధ్యలోంచి పరిగెత్తుకుంటూ వెళ్తే, మంచం మీంచి ముక్కు ఎగబీలుస్తూ, "సోల్డరింగ్ వాసన వస్తోంది. నేను లేకుండా ఏం అతుకుతున్నావోయ్?" అన్నాడు.

ఇంకోసారి ఇరవై ఆరుమంది ఉన్న మీటింగులో ఇంజనీరు తన స్క్రీను చూపిస్తూ మాట్లాడుతుంటే, గువ్వ గొంతు అందరి చెవుల్లోనూ మోగింది. వాళ్ల పైఅధికారిని టీమంతా చాటుగా హెడ్‌మాస్టరు అంటారు. ఆయన కాస్త ఆగి, "ఈ తాతయ్యగారు ఏ టీమండీ?" అన్నాడు.

"సపోర్టు టీమ్ సార్, ఇరవై నాలుగ్గంటలూ డ్యూటీ" అన్నారెవరో.

అందరూ నవ్వారు. ఇంజనీరూ నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రమే కూర్చుని పదకొండు లైన్ల కోడ్ రాశాడు. క్యాలెండర్‌లో మీటింగు ఉన్నంతసేపూ తన ఫోన్‌కి వచ్చే పిలుపుల్ని ఆపి ఉంచడం, మీటింగు అయ్యాక ఒక్కటి కూడా పోకుండా వరసగా అందించడం దాని పని. వంటింటి స్పీకరు జోలికి అతను పోలేదు. అది ఎప్పటిలా మోగుతుంది, నర్సమ్మ వింటుంది, వెళ్తుంది. మూడుసార్లు పరీక్షించాడు. ముచ్చటగా పనిచేసింది.

ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. ఆఫీసులో ఇలాంటివి రోజుకి పది రాస్తాడు, ఏ ఒక్కటీ అన్నం దగ్గర చెప్పుకునేంత విషయం కాదు. ఇది కూడా అలాంటిదే అనుకున్నాడు.

నాలుగు నెలలు ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ రోజు పెద్ద రిలీజ్. ఏడాదిపాటు కట్టిన కొత్త సాఫ్ట్‌వేర్‌ని పాతదాని స్థానంలో నిలబెట్టే రోజు. ఇంజనీరు క్యాలెండర్‌లో పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఒకటే ఎర్ర గడి. భార్య బడికి వెళ్తూ మామగారి మందుల చీటీ నర్సమ్మ చేతిలో పెట్టి, ఇవాళ ఎలాగైనా తెమ్మని చెప్పింది. ఇంజనీరు దేవుడి పటం ముందు ఒక్క నిమిషం నిలబడి దండం పెట్టుకుని, ముళ్లకంపలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. బయటి చప్పుడు ఏదీ రానివ్వని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

పది కావస్తుండగా తలుపు సగం తెరుచుకుంది. నర్సమ్మ ఏదో అంది. పెదాలు కదలడం కనిపించింది. చేతిలో సంచీ ఉంది. ఇంజనీరు స్క్రీను మీంచి చూపు పూర్తిగా తిప్పకుండానే బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆమె తలూపి తలుపు వేసింది.

మందుల షాపులో ఆ పూట జనం ఎక్కువ. ఒక మందు అక్కడ దొరక్క ఆమె రెండో షాపుకి నడిచింది. సార్ ఇంట్లోనే ఉన్నారన్న ధైర్యం ఆమెది. వంటింట్లో నర్సమ్మ ఉంటుందన్న ధైర్యం సార్‌ది.

ఆమె తిరిగొచ్చేసరికి పదకొండూ పది. మంచం ఖాళీగా ఉంది. మామగారు బాత్రూంలో తడి నేల మీద, గోడకీ బకెట్టుకీ మధ్య పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. కాలు వంకర తిరిగింది. ఒళ్లు చల్లబడిపోయింది. ఎడమ చేతిలో తాబేలు ఉంది.

నర్సమ్మ ముళ్లకంప తలుపు రెండు చేతులా బాదింది. ఆ అదురుకి బల్ల కదిలితే గానీ ఇంజనీరు తలెత్తలేదు.

తుంటి ఎముక విరిగిందన్నారు ఆసుపత్రిలో. అంతకన్నా, అంతసేపు చన్నీళ్లలో పడి ఉండడం ఊపిరితిత్తులకి మంచిది కాదన్నారు. భార్య బడి నుంచి సుద్దపొడి చేతులతోనే వచ్చేసింది. ఇద్దరూ వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. గోడగడియారం ఒంటిగంట చూపించింది.

ఇంజనీరు జేబులోంచి గువ్వ గొంతు లేచింది.

"తాతయ్య పిలుస్తున్నాడు! ఎవరైనా రండి!"

అతను ఉలిక్కిపడి ఫోన్ తీసేలోగా మళ్లీ మోగింది. మళ్లీ మోగబోతుంటే గొంతు నొక్కేశాడు. స్క్రీను మీద మాత్రం పిలుపులు ఒకదాని కింద ఒకటి వచ్చి పడుతూనే ఉన్నాయి.

"గువ్వ గొంతులా ఉందే. ఏంటది?" అంది భార్య.

"తాబేలు. నెట్‌వర్క్ సరిగా లేనట్టుంది. ఇప్పుడొస్తున్నాయి."

"పాడు నెట్‌వర్క్" అని ఆమె కళ్లు తుడుచుకుంది.

కాసేపయ్యాక అతను మందుల కౌంటరు దగ్గరికని లేచి, మెట్ల మలుపులో నిలబడి లెక్కపెట్టాడు. పద్నాలుగు. మొదటిది పదీ ఏడుకి, చివరిది పదీ యాభై ఒకటికి. ఒక్కటి కూడా పోలేదు.

మధ్యాహ్నం నర్సమ్మ వచ్చింది. కొన్న మందుల సంచీ ఇంకా చేతిలోనే ఉంది, ఎవరికివ్వాలో తెలియనట్టు. భార్య ఎప్పుడూ ఎవరి మీదా గొంతు లేపని మనిషి. ఇప్పుడూ లేపలేదు.

"గంటకు పైగా ఎక్కడున్నావ్ నర్సమ్మా?"

"రెండు షాపులు తిరిగానమ్మా. మీరే తెమ్మన్నారు కదా."

"ఒంటరిగా వదిలేసి తెమ్మన్నానా?"

"ఒంటరిగా ఏంటమ్మా, సార్ ఉన్నారుగా. చెప్పే వెళ్లాను. వెళ్తున్నాను, పెద్దాయన పడుకున్నారు, కాస్త చూసుకోండి అన్నాను. సార్, మీరు ఇలా అన్నారు కదా" అని బొటనవేలు ఎత్తి చూపించింది.

భార్య మొగుడి వైపు తిరిగింది. "చెప్పిందా?"

"నాకు వినపడలేదు" అన్నాడు ఇంజనీరు.

అది అబద్ధం కాదు. నిజంగానే వినపడలేదు. ఆ మాట నోట్లోంచి వస్తున్నప్పుడే, ఇంత నిజమైన మాటతో ఇంత అన్యాయం చేయొచ్చా అని అతనికి లోపలెక్కడో అనిపించింది. నర్సమ్మ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత సంచీని కుర్చీలో పెట్టి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే భార్య బడి కాగితం మీద, గుండ్రటి అక్షరాలతో, సంస్థకి ఫిర్యాదు రాసింది. ముసలివాళ్లని ఇలా గాలికొదిలేసే మనిషిని ఇంకే ఇంటికీ పంపొద్దని చివర్లో కోరింది.

మూడోనాటికి మామగారికి కాస్త మాట వచ్చింది. కూతురు చెయ్యి పట్టుకుని కూర్చుంటే, "రెండుసార్లు నొక్కానమ్మా. ఆ తర్వాత నిద్ర పట్టేసినట్టయింది. నువ్వనుకుంటున్నంత ఏమీ లేదు" అన్నాడు. ఆమె ఆ మాటని పట్టుకుంది. వచ్చినవాళ్లందరికీ అదే చెప్పింది. "నాన్నకి ఏమీ తెలీలేదటండీ. వెంటనే స్పృహ తప్పిందట. దేవుడు అంతమాత్రం దయ చూశాడు."

ఆమె ఆ మాట చెప్పినప్పుడల్లా ఇంజనీరు నేల చూపులు చూసేవాడు.

మర్నాడు ఆమె టిఫిన్‌కి కిందికెళ్లినప్పుడు గదిలో ఇద్దరే మిగిలారు. మామగారు ఎడమ చెయ్యి దుప్పటిలోంచి తీసి, చూపుడువేలు మెల్లగా ముడిచి, చాపి, పరీక్షగా చూసుకున్నాడు.

"ఈ చెయ్యి కూడా పోతోందేమో ఇంజనీరూ. సరిగ్గా ఆనలేదు. నీ లైన్ బాగానే ఉండుంటుంది, ఇవతలి కొసన మనిషే పాడు."

"మామయ్యా..."

"ఏంటి?"

చెప్పేద్దామనుకున్నాడు. వేలు బాగానే ఆనింది, లైనూ బాగానే ఉంది, నేనే ఆపి ఉంచాను అనాలి. అంతే. పక్క మంచం మనిషి దగ్గుతున్నాడు. నర్సు సూది పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం" అన్నాడు.

"అలాగే. తాబేలుకి పెద్ద మీట పెట్టు. ముసలి వేళ్లకి ఆ సైజు చాలదు."

మామగారు ఇంటికి రాలేదు. ఊపిరితిత్తుల్లోకి నెమ్ము దిగి తొమ్మిదో రోజు పోయాడు.

తర్వాతి రోజుల్లో ఇంజనీరు దేవుడి పటం ముందు నిలబడే సమయం పెరిగింది. భార్య చూసి, దుఃఖం మనిషిని మార్చింది అనుకుంది. అతనికి మాత్రం ఏమడగాలో తోచేది కాదు. అంత మంచి మనిషిని అలా ఎందుకు పడేశావు అని అడగొచ్చు. పిలుస్తుంటే ఎందుకు వినలేదని అడగబోయేసరికి నోరు మూతపడేది. విననిది ఎవరో తెలుసు కదా. మనుషుల మొరలు కూడా ఎక్కడో వరసలో ఆగి ఉంటాయా, తీరిక దొరికాక ఎవరైనా వాటిని ఒక్కసారిగా చూస్తారా అని ఒకరోజు అనిపించి, అలా అనుకున్నందుకు లెంపలేసుకున్నాడు. దేవుణ్ని తనలాంటివాడిగా ఊహించుకోవడానికి అతనికి భయం వేసింది.

చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. చెప్పాలంటే పద్నాలుగూ చెప్పాలి. పద్నాలుగూ చెబితే, రెండుసార్లు నొక్కి నిద్రపోయిన నాన్న ఆమెకి ఇక మిగలడు. చెప్పకపోతే నర్సమ్మ ఉద్యోగం పోతుంది. భార్య మీద జాలితోనే ఆగుతున్నానని తనకి తాను చెప్పుకున్నాడు. ఆ జాలిలో తన పాలు ఎంతో తూచి చూసుకునే ధైర్యం మాత్రం చేయలేదు.

మామగారు పోయిన మూడో వారం, ఒక శనివారం మధ్యాహ్నం, భార్య భోజనాల బల్ల మీద పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతోంది. గువ్వ స్నేహితురాలి ఇంటికి వెళ్లింది. ఇంజనీరు ఫోన్ మోగింది. సంస్థ మేనేజరు, ఒక నెమ్మదైన ఆడగొంతు.

"మేడమ్ రాసిన ఫిర్యాదు గురించి సార్. ఇలాంటివాటికి ఇంట్లో ఉన్నవాళ్ల మాట కూడా తీసుకోవాలి మేము. ఆ టైముకి మీరు ఇంట్లోనే ఉన్నారు కదా?"

"ఉన్నాను."

"ఆవిడ మీకు చెప్పి వెళ్లానంటోంది. మీరు వినలేదన్నారట. అంటే చెప్పకుండా వెళ్లిందని రాసుకోమంటారా? అలా రాస్తే ఆవిణ్ని తీసెయ్యాలి సార్. వేరే సంస్థలు కూడా తీసుకోవు. అందుకే అడుగుతున్నా."

భార్య ఎర్ర పెన్ను ఆపి తలెత్తింది. అవునని చెప్పమన్నట్టు తలూపింది.

ఒక్క 'ఊ' అంటే చాలు, ఆమె రాసుకుని ఫోన్ పెట్టేస్తుంది.

"చెప్పే వెళ్లింది" అన్నాడు. "తలుపు తెరిచి చెప్పింది. నేను హెడ్‌ఫోన్స్ తియ్యలేదు. సరేనని చెయ్యెత్తాను. ఆవిడ తప్పేం లేదు. మా మామగారు బెల్లు కూడా నొక్కారు. నా ఫోన్‌కి వచ్చాయి. మీటింగుల్లో మోగకుండా నేనే ఆపిపెట్టుకున్నాను. ఆ సంగతి ఆవిడకి తెలీదు. ఎవరికీ తెలీదు. రాసుకోండి."

అవతల కాసేపు కాగితం చప్పుడు. "సరే సార్. రాసుకున్నాను" అని ఆ గొంతు ఫోన్ పెట్టేసింది.

భార్య పెన్నుకి మూత పెట్టింది. "వచ్చాయంటే?" అంది.

"నొక్కినవన్నీ నమోదయ్యాయి. ఉన్నాయి."

"రెండూనా?"

అతను ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టాడు.

"ఎన్ని?"

"పద్నాలుగు."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. "చదవండి."

"వద్దు. ఇప్పుడెందుకు..."

"చదవండి. టైములున్నాయిగా మీ దగ్గర."

అతను ఫోన్ తెరిచాడు. "పదీ ఏడు."

"అప్పుడు మీరేం చేస్తున్నారు?"

"పాతదంతా కాపీ తీస్తున్నాం."

"ఊ."

"పదీ ఎనిమిది. పదీ తొమ్మిది. తొమ్మిదికే ఇంకోటి. పదీ పన్నెండు."

"అప్పుడు?"

"ఎదురుచూస్తున్నాం. కాపీ అయ్యేదాకా పనేం ఉండదు."

"ఖాళీగా ఉన్నారు."

"అవును."

"తర్వాత?"

"పదీ పద్దెనిమిది. పందొమ్మిది. ఇరవై రెండు. పదీ ఇరవై ఆరు. అప్పుడు... హెడ్‌మాస్టరు ఏదో జోకు వేశాడు."

"నవ్వారా?"

"నవ్వాను."

అతను మిగతావి చదివాడు. మధ్యలో ఎడం పెరుగుతూ వచ్చింది. పదీ ముప్పై ఒకటి. ముప్పై ఆరు. పదీ నలభై. నలభై నాలుగు. పదీ యాభై ఒకటి.

"తర్వాత?"

"లేవు. అదే ఆఖరు."

"నర్సమ్మ వచ్చింది పదకొండూ పదికి."

"అవును."

"ఆ పందొమ్మిది నిమిషాలూ నాన్న మెలకువగా ఉన్నాడా?"

"తెలీదు" అన్నాడు ఇంజనీరు. అది చెప్పే నమోదు ఏదీ లేదు.

ఆమె పరీక్ష కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి సర్ది, అంచులు సమంగా తట్టింది. లేచి మొహం కడుక్కుని వచ్చింది. ఏడవలేదు. తిట్టి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. ఆమె తిట్టలేదు.

"నర్సమ్మ అడ్రసు ఆ సంస్థ వాళ్లనడిగి నాకు పంపండి. వెళ్లొస్తాను."

"నేనూ వస్తాను."

"వద్దు. ఆ కాగితం రాసింది నేను. మీది మీరు ఇంకోరోజు వెళ్లి చెప్పుకోండి." గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఆగింది. "గువ్వ వస్తుంది ఇప్పుడు. తాతయ్య నన్ను పిలవలేదా అమ్మా అని రోజూ అడుగుతోంది. నా గొంతు బాగా రికార్డవలేదా అంటోంది. దానికి మీరే చెప్పండి."

"ఏమని చెప్పను?"

"పిలిచాడని చెప్పండి."

ఆమె మెట్లు దిగిపోయింది. ఇంజనీరు ముళ్లకంప తలుపు దాకా వెళ్లి, లోపలికి వెళ్లకుండా వెనక్కి వచ్చి, బల్ల దగ్గర అదే కుర్చీలో కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో మనసులో నాలుగైదు రకాలుగా పేర్చుకున్నాడు. ప్రతిదానిలోనూ ఎక్కడో ఒక చోట నెట్‌వర్క్ వచ్చి దూరుతోంది. దాన్ని తీసేసి మళ్లీ మొదలుపెట్టాడు.

వీధి తలుపు చప్పుడైంది. గువ్వ బూట్లు విసిరేసి లోపలికి వచ్చింది.

"అమ్మేదీ?"

"బయటికెళ్లింది. ఇలా వచ్చి కూర్చో. నీకో మాట చెప్పాలి."

గువ్వ తండ్రి మొహం చూసి, కుర్చీ లాక్కోకుండా అక్కడే నిలబడింది. "మంచి మాటేనా?"

"కాదు" అన్నాడు ఇంజనీరు.